ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మా ఇద్దరి మధ్య

మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి ఆపరేషన్ అయినవాళ్లు మూత్రం సంగతులు ఎన్నైనా చెప్తారు. ధార ఎలా వస్తోంది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ట్యూబు తీసినప్పుడు ఎంత మంట పుట్టింది, అన్నీ చెప్తారు. అక్కడితో ఆపేస్తారు. నాతో పాటు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన వాళ్లలో ఈ ఆపరేషన్ నాకంటే ముందే చేయించుకున్నవాళ్లున్నారు. వాళ్లని అడిగాకే నేను ఒప్పుకున్నాను. "ఏం భయం లేదు బావా, రెండు మూడు రోజుల్లో ఇంట్లో ఉంటావు" అన్నారు. అన్నట్టే ఉన్నాను. కానీ భార్యాభర్తల మధ్య ఏం మారుతుందో ఒక్కరూ చెప్పలేదు. నాకిప్పుడు 64 ఏళ్లు, మా ఆవిడకు 59. ఈ వయసులోనూ మా మధ్య శరీర సంబంధం ఉంది, అది మా ఇద్దరికీ ఇష్టం. ఈ మాట దాచిపెట్టి మిగతాది చెప్పడం కుదరదు కాబట్టి ముందే చెప్తున్నాను.

జబ్బు నెమ్మదిగా వచ్చింది. మొదట ధార సన్నబడింది. కాసేపు నిలబడితే గానీ మొదలయ్యేది కాదు, మొదలయ్యాక ఆగి ఆగి వచ్చేది. పెళ్లికి వెళ్లినా, బస్సెక్కినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. స్కానింగ్‌లో ప్రోస్టేట్ 68 గ్రాములు ఉందన్నారు. మామూలుగా అది 20 గ్రాముల దగ్గర ఉంటుందట. మూత్రం పోసుకున్నాక కూడా మూత్రాశయంలో చాలా మిగిలిపోతోంది. మూత్రం దారిని వదులు చేసే టామ్సులోసిన్ బిళ్ల రాశారు. దానితో కొన్నాళ్లు బాగానే నెట్టుకొచ్చాను.

ఒక సంక్రాంతికి జలుబు చేసి మందుల షాపులో బిళ్లలు కొని వేసుకున్నాను. ఆ రాత్రి చుక్క కూడా రాలేదు. పొత్తికడుపు బిగుసుకుపోయి, నొప్పితో కూర్చోలేక, పడుకోలేక, తెల్లారకముందే మా అబ్బాయి కారులో ఆసుపత్రికి తీసుకెళ్తే ట్యూబు వేశారు. ముక్కు కారడం ఆగడానికి, ముక్కు దిబ్బడ తగ్గడానికి ఇచ్చే మందులు కొన్ని, ప్రోస్టేట్ పెద్దదైనవాళ్లకి మూత్రాన్ని కూడా కట్టేస్తాయని అప్పుడు చెప్పారు. ఈ జబ్బున్న ప్రతివాడూ జలుబు మందు కొనేటప్పుడు షాపులో ఆ మాట చెప్పి అడగాలి. ఆ తర్వాత ట్యూబు తీసి చూస్తే మళ్లీ ఆగిపోయింది. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయన్నారు. టీయూఆర్‌పీ అనే ఆపరేషన్ నిర్ణయించారు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నడుముకి మత్తు సూది ఇచ్చారు. పైన కోత లేదు. మూత్రం వచ్చే దారిలోంచే పరికరం పంపి, కరెంటు తీగతో లోపల అడ్డుగా ఉన్న భాగాన్ని ముక్కలు ముక్కలుగా తీశారు. ఆ ముక్కల్ని క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి పరీక్షకు పంపారు. సెలైన్ నీళ్లతో కడుగుతూ ఉంటే బ్యాగులో మొదట ఎర్రగా, తర్వాత లేత గులాబీ రంగులో వచ్చింది. ఇంటికొచ్చాక బరువులు ఎత్తొద్దని, ముక్కి విరేచనానికి వెళ్లొద్దని, నెలన్నర దాకా భార్యాభర్తలు కలవొద్దని చెప్పారు. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో ఏముందో చదివి వినిపించినవాళ్లు లేరు.

గడువు దాటాక మేం కలిశాం. అంతా బాగానే ఉంది, చివరికి వచ్చేసరికి వీర్యం రాలేదు. సుఖం కలిగినట్టే ఉంది గానీ బయటకి ఏమీ లేదు. లోపల ఏదో తెగిపోయిందనుకున్నాను. బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. తర్వాత పోసిన మూత్రం మసకగా, తెల్లగా ఉంది. ఇన్‌ఫెక్షన్ అనుకుని భయం ఇంకా పెరిగింది.

మళ్లీ కలిసినప్పుడు కూడా అంతే. ఆ తర్వాత అసలు అంగస్తంభనే సరిగా నిలవలేదు. ఈసారి వస్తుందా రాదా అన్న టెన్షన్ తప్ప నా బుర్రలో ఇంకోటి లేదు. రాత్రి లేవాల్సి వస్తోంది, నీ నిద్ర చెడుతుంది అని చెప్పి హాల్లో మంచం వేసుకున్నాను. నిజానికి అప్పటికి రాత్రి లేవడం బాగా తగ్గిపోయింది.

మా వయసు మగవాళ్లు ఏ మాటలు వింటూ పెరిగారో తెలిస్తే ఈ భయం అర్థమవుతుంది. ఒక చుక్క వీర్యానికి ఎన్నో చుక్కల రక్తం కావాలని, ధాతువు పోతే మనిషి క్షీణించిపోతాడని చిన్నప్పటి నుంచి విన్నాం. బస్టాండు గోడల నిండా నరాల బలహీనతకు మందులంటూ రాతలు చూశాం. ఈ భయంతోనే నీరసం, దడ, దిగులు పట్టుకునే పరిస్థితికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. వీర్యం మామూలుగా ఒక చెంచాడు కూడా ఉండదు. అందులో శుక్రకణాల వాటా చాలా తక్కువ, మిగిలినదంతా ప్రోస్టేట్, దాని వెనకుండే గ్రంథులు తయారుచేసే ద్రవం. రక్తంతో దానికి లెక్క లేదు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నదే. ఆ రోజుల్లో మాత్రం అద్దంలో చూసుకుంటే బుగ్గలు లోపలికి పోయినట్టే కనబడేవి. ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి గోడ మీద రాత పట్టుకు లాగుతుంది. ఇలాంటి పొడులు, లేహ్యాల్లో కొన్నిట్లో వయాగ్రాలో ఉండే మందునే చెప్పకుండా కలిపి అమ్ముతున్నట్టు పరీక్షల్లో బయటపడింది. గుండె నొప్పికి సార్బిట్రేట్ వాడే మనిషి అది తింటే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆ దారి వద్దని ఎవరికైనా చెప్తాను.

మా ఆవిడ ఇవేవీ అనుకోలేదు. ఆమె అనుకున్నది వేరు. ముక్క పరీక్షలో క్యాన్సర్ వచ్చిందని, నేను దాస్తున్నానని అనుకుంది. నేను బజారుకి వెళ్లినప్పుడు ఫైలు తీసి, రిపోర్టు ఫొటో హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపి చదివించుకుంది. ఆ సాయంత్రం నేను కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఏవండీ, క్యాన్సర్ లేదని పిల్ల చెప్పింది. మరి మీరెందుకు ఇలా అయిపోయారు? నా మీద ఏమైనా కోపమా?"

అప్పుడు చెప్పాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ విషయాలు మేం ఎప్పుడూ మాటల్లో పెట్టుకోలేదు, అందుకని ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె తేలిగ్గా తీసిపారేయలేదు. నొప్పి ఉందా అని అడిగింది. సుఖంగా ఉంటోందా లేదా అని అడిగింది. "ఈసారి డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. మీరు సగం చెప్పి వచ్చేస్తారు" అంది.

ఆ రోజు డాక్టరు గారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. మూత్రాశయం కింద మెడ దగ్గర ఒక కండరం ఉంటుంది. స్ఖలనం అయ్యే క్షణంలో అది గట్టిగా మూసుకుంటుంది, అందుకే వీర్యం ముందుకు వస్తుంది. నా ఉద్యోగమంతా గోదావరి కాలవల మీద గడిచింది కాబట్టి నాకు లాకు తలుపులు గుర్తొచ్చాయి. తలుపు మూసుకోకపోతే నీళ్లు పల్లం ఎటుంటే అటే పోతాయి. ఆపరేషన్‌లో దారి వెడల్పు చేసినప్పుడు ఆ మెడ తెరుచుకునే ఉండిపోతుంది, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లి తర్వాత మూత్రంలో కలిసి వచ్చేస్తుంది. మసకగా కనబడింది అదే. దానివల్ల ఒంటికి ఏ హానీ లేదు. టీయూఆర్‌పీ అయినవాళ్లలో సగానికంటే ఎక్కువ మందికి ఇలాగే జరుగుతుంది, సాధారణంగా మళ్లీ మామూలుకి రాదు. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్లు మాత్రం ఆపరేషన్‌కి ముందే దీని గురించి మాట్లాడుకోవాలి.

అంగస్తంభన సంగతి వేరని ఆయన చెప్పారు. దానికి కావాల్సిన నరాలు ప్రోస్టేట్ బయటి వైపు నుంచి వెళ్తాయి, ఈ ఆపరేషన్‌లో తీసేది లోపలి భాగం. కాబట్టి ఎక్కువమందికి అది చెడదు, కొద్దిమందికి మాత్రం తేడా వస్తుంది. క్యాన్సర్‌కి ప్రోస్టేట్ మొత్తం తీసేసే ఆపరేషన్‌లో నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుని భయపడతారు. పొద్దున నిద్ర లేచేటప్పుడు స్తంభన ఉంటోందా అని నన్ను అడిగారు. ఉంటోందన్నాను. "అయితే అంకుల్, మీకు చెడిపోయిందేమీ లేదు. టెన్షన్ ఎక్కువైంది, షుగరు కూడా అదుపులో లేదు" అన్నారు. నిజమే, ఆ హడావుడిలో షుగరు బాగా పెరిగింది.

మా ఆవిడ అడిగింది: "బాబూ, ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

ఆయన కాసేపు ఆగి, "ఈ వయసులో దీన్ని పెద్దగా పట్టించుకోరనుకున్నాం ఆంటీ" అన్నారు.

"ఎవరు పట్టించుకుంటారో అడిగితే కదా తెలిసేది" అంది.

డాక్టరు గారు అన్న ఆ మాట మీద నాకిప్పటికీ బాధ ఉంది. నాకు మూత్రం కట్టేసింది, ఆపరేషన్ తప్పదు, ముందే చెప్పినా నేను అదే చేయించుకునేవాణ్ణి. కానీ తెలిసి చేయించుకుంటే ఆ రాత్రి బాత్రూంలో అంత భయం ఉండేది కాదు. మా ఆవిడ అన్ని రోజులు క్యాన్సర్ అనుకుంటూ బతికేది కాదు. వయసు చూసి ఒక మనిషికి ఇది అక్కర్లేదని తీర్మానించడం డాక్టర్ల పని కాదు. సంతకానికి ముందు, తెలుగులో, భార్య పక్కన ఉండగా చెప్పాలి. అది వాళ్ల బాధ్యత.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లేజర్‌తో చేస్తే ఈ ఇబ్బంది ఉండదని మావాళ్లలో చాలామంది నమ్ముతారు. హోలెప్ అనే లేజర్ ఆపరేషన్‌లోనూ ప్రోస్టేట్ లోపలి భాగాన్ని తీసేస్తారు, వీర్యం వెనక్కి వెళ్లడం అందులోనూ మామూలే. స్ఖలనాన్ని ఎక్కువగా కాపాడే పద్ధతులు వేరే ఉన్నాయి. యూరోలిఫ్ట్‌లో అడ్డొచ్చిన భాగాన్ని కోయకుండా చిన్న క్లిప్పులతో పక్కకి లాగి ఉంచుతారు. రెజూమ్‌లో ఆవిరితో దాన్ని కుదించేస్తారు. ఇవి అన్ని సైజులకీ, అందరికీ సరిపోవు. మూత్రం ధార మీద వాటి ప్రభావం కూడా టీయూఆర్‌పీ అంత బలంగా ఉండదు. మందులతో కూడా తేడాలొస్తాయి. టామ్సులోసిన్, అదే రకం మందైన సైలోడోసిన్ వేసుకునేవాళ్లలో కొందరికి వీర్యం తగ్గడమో, రాకపోవడమో ఉంటుంది, బిళ్ల మానేస్తే తిరిగొస్తుంది. ప్రోస్టేట్‌ని కుదించే డ్యూటాస్టెరైడ్ బిళ్లతో కొందరికి కోరికే తగ్గుతుంది. కాబట్టి "నా విషయంలో స్ఖలనం ఏమవుతుంది" అని ఆపరేషన్‌కి ముందే సూటిగా అడగాలి.

నాకు డాక్టరు గారు షుగరు మందులు మార్పించారు, సాయంత్రం నడక చెప్పారు. గుండె మందుల్లో సార్బిట్రేట్ లేదని నిర్ధారించుకున్నాక టడలాఫిల్ 5 మిల్లీగ్రాముల బిళ్ల కొన్నాళ్లకి రాశారు. అది స్తంభనకే తప్ప వీర్యం బయటికి రావడానికి కాదని స్పష్టంగా చెప్పారు. కటి కండరాలు బిగించి వదిలే కెగెల్ వ్యాయామం కూడా నేర్పించారు. ఆపరేషన్ తర్వాత దగ్గినప్పుడు కొద్దిగా మూత్రం జారేది, దానితో తగ్గింది.

హాల్లో మంచం తీసేశాం. కొన్ని వారాలు కేవలం దగ్గరగా పడుకున్నాం, అంతకు మించి ఏమీ పెట్టుకోలేదు. తర్వాత నెమ్మదిగా కుదిరింది. సుఖం పూర్తిగా మునుపటిలా ఉందని చెప్తే అబద్ధం. సుఖం కలిగినా, ఆఖర్న శరీరం ఎదురుచూసేది ఒకటి ఉంటుంది కదా, అది రాదు. ఆ లోటు నాకు చాలాకాలం తెలిసింది, ఇప్పటికీ కొన్నిసార్లు తెలుస్తుంది. మా ఆవిడకూ ఒక ఇబ్బంది ఉండేది. నాకు అయిందో లేదో ఆమెకు తెలిసేది కాదు. ఒకరోజు అడిగేసింది. ఇప్పుడు నేనే చెప్తాను. ఆమెకి ఏది హాయిగా ఉందో, ఏది లేదో ఆమె చెప్తుంది. ఆ వయసు ఆడవాళ్లకి పొడిబారి నొప్పి ఉంటుందని, దానికి జెల్ ఉంటుందని కూడా ఈ మాటల్లోనే బయటపడింది. ఇన్నేళ్లూ నొప్పి ఓర్చుకుంటోందని నాకు తెలియదు. గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాను.

టీయూఆర్‌పీలో ప్రోస్టేట్ మొత్తం తీయరు, బయటి భాగం లోపలే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది ఆ భాగంలోనే. అందుకని ఆపరేషన్ అయిపోయినా, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్త పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో అడిగి పెట్టుకున్నాం. మొన్న వెళ్లినప్పుడు మూత్రం ధార, షుగరు, పీఎస్‌ఏ అన్నీ చూశారు. ఈసారి డాక్టరు గారు ఫైలు మూసి, మా ఇద్దర్నీ చూస్తూ, "ఇంకేమైనా ఇబ్బంది ఉందా, ఇద్దరిలో ఎవరికైనా?" అని అడిగారు. మా ఆవిడ తన ప్రశ్నలు రాసుకున్న కాగితం పర్సులోంచి తీసింది.