మా నాన్నకి తీసివేత రాదు

ఈ సంగతి నాకు నలభై ఆరేళ్ళు వచ్చాక తెలిసింది. ముప్పై మూడేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి, ఎన్ని వేలమందికో చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన మా నాన్నకి తీసివేత రాదు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఇద్దరం సరూర్‌నగర్ రైతుబజారుకి వెళ్ళొస్తూ దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగాం. బిల్లు 137 రూపాయలు. ఆ టైముకి నా ఫోన్‌లో చార్జింగ్ లేదు, పర్సులో ఉన్నది ఒకటే అయిదు వందల నోటు. కొట్టులో కుర్రాడు క్యాలిక్యులేటర్ కోసం డబ్బాల వెనక వెతుకుతున్నాడు. నాన్న నిలబడ్డచోటు నుంచే, "మూడు, అరవై, మూడు వందలు" అన్నాడు. కుర్రాడు అలాగే తీసి ఇచ్చాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను, "అంత తొందరగా ఎట్లా తీసేశావు నాన్నా?" అని.

"తీసుడెందుకు బిడ్డా? నింపుడే. 137కి మూడేస్తే 140. అరవై ఏస్తే రెండొందలు. ఇంకో మూడొందలేస్తే నోటు నిండె."

నోటు నిండటం! ఈ మాట ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. అంటే నాన్న దృష్టిలో ప్రయాణికుడు ఇచ్చిన నోటు ఒక ఖాళీ గిన్నె. టికెట్ డబ్బులు అందులో కొంత నింపుతాయి. మిగతాది నాణేలతో, చిన్న నోట్లతో అంచుదాకా నింపి చేతిలో పెట్టేయడమే కండక్టరు పని. అందులో తీసివేతకి చోటే లేదు.

ఇంటికి రాగానే అందర్నీ పట్టుకున్నాను. 83లోంచి 47 పోతే ఎంత? జవాబు అక్కర్లేదు, బుర్రలో ఏం జరిగిందో చెప్పాలి.

మా ఆయన కళ్ళు పైకెత్తి, చూపుడువేలితో గాలిలో గీతలు గీశారు. "మూడులోంచి ఏడు పోదు. పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకుంటే పదమూడు. పదమూడులోంచి ఏడు పోతే ఆరు. ఇక్కడ ఎనిమిది ఏడయింది కదా, ఏడులోంచి నాలుగు పోతే మూడు. ముప్పై ఆరు." ఇంజనీరింగ్ చదివి ఇరవై నాలుగేళ్ళయినా ఆయన బుర్రలో ఇంకా మూడో తరగతి పలకే వేలాడుతోంది. కుడినుంచి ఎడమకే నడుస్తారు. మూడంకెల లెక్క ఇస్తే మధ్యలో తెచ్చుకున్న అప్పు ఎవరిదో మర్చిపోయి మళ్ళీ మొదలుపెడతారు.

నాది వేరే దారి. నేను 47ని చూడగానే 50 చేసేస్తాను. 83లోంచి 50 పోతే 33. ఎక్కువ తీసేసిన మూడు వెనక్కి ఇచ్చేస్తే 36. మాదాపూర్‌లో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. రోజంతా ఎక్సెల్ కూడుతుంది, నేను చూస్తూ కూర్చుంటాను. ఈ మాత్రమైనా మిగలడం గొప్పే అనుకున్నాను.

మా అమ్మని అడిగితే, "83 రూపాయలా? ఏం కొన్నారు?" అంది. ఏమీ కొనలేదమ్మా, ఊరికే లెక్క అంటే, "ఊరికే లెక్కేంటే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ బుర్రలో ఉత్త అంకెలకి ప్రవేశం లేదు. అదే మా కాలనీ చిట్టీ పాట దగ్గర చూడాలి. ఇరవై మంది, నెలకి అయిదు వేలు, లక్ష చిట్టీ. ఎవరో పద్దెనిమిది వేలకి పాట పాడారు. ఆ మాట పూర్తికాకుండానే అమ్మ తలకి తొమ్మిది వందలు తగ్గింపని, ఈ నెల నాలుగు వేల ఒక్క వంద కడితే చాలని చెప్పేస్తుంది. పద్దెనిమిది వేలని ఇరవైతో భాగించమని అడిగి చూడండి, మళ్ళీ వంటింట్లోకే.

ఇక మా బాబు. వాడికి పదకొండేళ్ళు. మన హైదరాబాద్ కుర్రాడు నీలకంఠ భాను ప్రకాశ్ 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ మెంటల్ క్యాలిక్యులేషన్ పోటీలో బంగారు పతకం గెలిచాడు. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది పిల్లలు అబాకస్ క్లాసుల్లో చేరారు. ఆ వరసలో మావాడూ చేరాడు. వాడు లెక్క చేస్తుంటే కుడిచేతి వేళ్ళు తొడమీద టకటకా కదులుతాయి. కనబడని పూసలు పైకీ కిందికీ జరుపుతున్నాడన్నమాట. "నేను లెక్క చేయను మమ్మీ, పూసలు చూసి చదువుతాను" అన్నాడు. నాకు కాస్త అసూయ వేసింది.

అయితే అదే పొద్దున రైతుబజార్లో ఇంకో లెక్క నడిచింది. వంకాయలు కిలో 36. తక్కెడ మీద కిలో ముప్పావు తూగాయి. నేను ఫోన్‌లో 36ని 1.75తో హెచ్చిద్దామనుకునేలోపు అది ఆరిపోయింది. అమ్మే ఆవిడ పక్కవాళ్ళకి పచ్చిమిరపకాయలు పోస్తూనే, "రెండు కిలోలకి డెబ్బై రెండక్కా, పావుకి తొమ్మిది పాయె, అరవై మూడియ్యి" అంది. కిలో ముప్పావు ఆమెకి ఒకటీ ముప్పావు కాదు, పావు తక్కువ రెండు. ఇదే లెక్క ఇంటికొచ్చి మావాడికి ఇస్తే, దశాంశ బిందువు చూసి వాడి వేళ్ళు ఆగిపోయాయి.

పావు తక్కువ రెండు అనగానే మా తాత గుర్తొచ్చాడు. ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక ధాన్యం కొట్టులో గుమాస్తా. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. మాతో తెలుగే మాట్లాడేవాడు, దేవుడికి తెలుగులోనే దండం పెట్టేవాడు, తిడితే కూడా తెలుగే. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పెదాలు ఉర్దూలో కదిలేవి. చిన్నప్పుడు ఎక్కాలు ఏ భాషలో వల్లెవేస్తామో చచ్చేదాకా లెక్క ఆ భాషలోనే జరుగుతుందనడానికి ఆయనే నాకు సాక్ష్యం. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివినా, ఎక్కాలు మా అమ్మ తెలుగులో నేర్పింది. అందుకే ఆఫీసు మీటింగుల్లో ఇంగ్లీషులో మాట్లాడుతూ మాట్లాడుతూ లోపల "ఏడెనిమిదులు యాభై ఆరు" అనుకుని, బయటికి ఫిఫ్టీ సిక్స్ అంటాను.

తాత ఉర్దూలో అసలు సౌకర్యం భిన్నాల దగ్గర ఉండేది. సవా అంటే ఒకటింబావు. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయి అంటే రెండున్నర. పౌనే దో అంటే పావు తక్కువ రెండు. సవా సౌ అంటే నూట పాతిక, పౌనే దో సౌ అంటే నూట డెబ్బై అయిదు. ఆయనకి ఢాయి ఎక్కం కూడా వచ్చు. పద్దెనిమిది బస్తాలకి రెండున్నర చొప్పున అంటే గుణించేవాడు కాదు, ఎక్కం అప్పజెప్పినట్టు "పైంతాలీస్" అనేవాడు. ఇప్పటికీ బేగంబజార్లో డేఢ్ సౌ, ఢాయి సౌ అని బేరం ఆడేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

తాత కాలంలో ఈ ఊళ్ళో ఇంకో తలనొప్పి ఉండేది. నిజాం రూపాయి వేరు, ఇండియా రూపాయి వేరు. నిజాందాన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు, రెండోదాన్ని కల్దార్. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు. యూనియన్‌లో కలిశాక కూడా కొన్నేళ్ళు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఏడుతో భాగించి ఆరుతో గుణించడం ఎవరికి సరదా? తాత పద్ధతి చాలా తేలిక. హాలీ నుంచి కల్దార్‌కి రావాలంటే ఏడింట ఒక వంతు వదిలేసుకో, కల్దార్ నుంచి హాలీకి వెళ్ళాలంటే ఆరింట ఒక వంతు వేసుకో. 42 హాలీలకి ఆరు వదిలేస్తే 36 కల్దార్. ఆ 36కి ఆరు వేస్తే మళ్ళీ 42. వదిలేది, వేసేది ఒకే ఆరు. దీన్ని నేను కాగితం మీద రుజువు చేసుకుని గానీ నమ్మలేదు.

ఆ గొడవ సద్దుమణగకముందే 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు, ఆ రోజు నుంచి వంద నయాపైసలు. అణాకి ఆరుంబావు పైసలన్నమాట. మా నాయనమ్మకి పైసలు ఎప్పటికీ పూర్తిగా నచ్చలేదు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ మీద, వేలికి నాలుగు చొప్పున లెక్కపెట్టేది. చెయ్యి పూర్తయ్యేసరికి పదహారు, అంటే రూపాయి. "చెయ్యంత రూపాయిని తీసుకుపోయి వంద చేసిండ్రు" అనేది. ఆ అణాలు చారాణా, ఆఠాణా, బారాణా అనే పేర్లతో మా చిన్నతనం దాకా బతికాయి. పావలా బిళ్ళ 2011 జూన్ చివరికి చెల్లకుండా పోయింది. ఇప్పుడు మిగిలింది "చారాణా కోడికి బారాణా మసాలా" అనే సామెత ఒక్కటే. మావాడికి దాన్ని వివరిస్తూ నాలుగూ పన్నెండూ అంటుండగా తట్టింది, కోడీ మసాలా కలిపితే సరిగ్గా పదహారణాలు! ఈ సామెత కట్టినవాళ్ళు కూడా రూపాయి నింపేశారు.

నింపుడు ఎక్కడ నేర్చుకున్నావని నాన్నని అడిగితే, తాత దగ్గరే అన్నాడు. ఉర్దూలో ఇరవై తొమ్మిదిని ఉన్తీస్ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువని. యాభై తొమ్మిది ఉన్‌సఠ్, అరవైకి ఒకటి తక్కువ. తెలుగు అంకె ఎంత దూరం వచ్చామో చెబితే, ఈ ఉర్దూ అంకెలు ఇంకెంత దూరం పోవాలో చెబుతాయి. పొద్దస్తమానం ఆ మాటలు చెవిన పడ్డ పిల్లాడికి పైకి నింపే అలవాటు రావడంలో ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహే, నాన్న అయితే "ఏమో" అన్నాడు.

టికెట్ల మిషన్లు రాకముందు కండక్టరు చేతిలో ట్రే ఉండేది, అందులో ఒక్కో రేటుకి ఒక్కో కట్ట. ట్రిప్పు మొదట్లో కట్ట మీద నంబరు 437, ఆఖర్న 512 ఉంటే ఎన్ని టికెట్లు పోయినట్టు? నాన్నకి 63, 12. డెబ్బై అయిదు. అక్కడా నింపుడే. చిల్లర లేకపోతే బాకీ టికెట్ వెనక రాసిచ్చేవాడు, లేదా ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే నోటిచ్చి పంచుకోమనేవాడు. చిల్లర కోసం ముక్కూమొహం తెలియనివాళ్ళ వెంట దిగి పరిగెత్తిన అనుభవం ఈ ఊళ్ళో ఎవరికి లేదు!

ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. తొంభైల్లో సికింద్రాబాద్ మహంకాళి బోనాల రోజు, నాన్న 49ఎం బస్సు మీద ఉన్నాడు. మెహదీపట్నం నుంచే కాలు పెట్టే చోటు లేదు. నాలుగు రూపాయల టికెట్టుకి ఒకాయన యాభై ఇచ్చాడు. ఆ నోటు సంచిలో వేసేసి నాన్న నింపడం మొదలుపెట్టాడు. ఒకటి, అయిదు, నలభై. అక్కడ ఆగాలి. ఆగలేదు. ఇంకో యాభై పెట్టేశాడు. రాత్రి డిపోలో లెక్క యాభై తక్కువ వచ్చింది, జేబులోంచి కట్టాడు. తీసివేత చేసేవాడు ఈ తప్పు చేయడు, ఎందుకంటే వాడు మొదలుపెట్టడమే నోటు దగ్గర మొదలుపెడతాడు. నింపేవాడికి గమ్యం గుర్తుండాలి, గుర్తు తప్పితే గిన్నె పొంగిపోతుంది.

మర్నాటి నుంచి నాన్న కొత్త అలవాటు చేసుకున్నాడు. నోటుని నిలువుగా మడిచి ఎడమచేతి వేళ్ళ సందున పెట్టుకోవడం, చిల్లర అవతలివాడి చేతిలో పడ్డాకే సంచిలో వేయడం. కండక్టర్లు వేళ్ళ మధ్య నోట్లు పెట్టుకునేది తొందరగా తీయడానికని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. నాన్నకి అది ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు. మావాడి పూసలు, నాయనమ్మ కణుపులు, నాన్న నోటు. మా ఇంట్లో లెక్క ఎప్పుడూ పూర్తిగా బుర్రలో లేదు, సగం వేళ్ళ మీదే ఉంది.

పదో తరగతిలో నాన్నకి లెక్కల్లో బొటాబొటీ మార్కులు. ఇందులో వింతేమీ లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో తెరెజిన్యా కరాహెర్, మరో ఇద్దరు పరిశోధకులు వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల్ని గమనించారు. బేరంలో భాగంగా అడిగిన లెక్కలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అని అడిగితే పన్నెండేళ్ళ కుర్రాడు పక్కన సున్నా చేర్చలేదట. మూడు కాయలు 105, ఇంకో మూడు 210, అలా పోగేసుకుంటూ 350కి వచ్చాడట. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద 2025లో వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది, ఇంకో మాట చేర్చింది. బడి లెక్కలు బాగా వచ్చిన పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. మా ఇంట్లో అయితే అది ఒక వంకాయల బేరంలోనే తేలిపోయింది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర మావాడు తాతని పరీక్షించాలని కూర్చున్నాడు.

"తాతా, వందలోంచి 64 పోతే?"

"ఆరు, ముప్పై."

"అంటే ఎంత?"

నాన్న ముద్ద కలుపుతూ ఆగి, వాడివైపు వింతగా చూశాడు. ముప్పై మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు.

"ఎంతేందిరా? ఇచ్చేసిన కదా."