నరం మళ్లీ మొలిచేదాకా

గుంటూరు అరండల్‌పేటలో స్కూటీ జారి పడి నా కుడి జబ్బ ఎముక విరిగింది. ఎముక బాగానే అతుక్కుంది. టెన్షనంతా చెయ్యి గురించే. మణికట్టు కిందికి వాలిపోయింది, వేళ్లు చాచలేను. నేను టీచర్‌ని, బోర్డు మీద రాయకపోతే నాకు పాఠం చెప్పినట్టే ఉండదు.

జబ్బ ఎముక వెనక చుట్టు తిరిగి దిగే రేడియల్ నరం నలిగిందనీ, నరం తెగలేదుగానీ లోపలి పోగులు చాలా దెబ్బతిన్నాయనీ కొత్తపేటలో డాక్టర్‌గారు చెప్పారు.

"మందేమీ లేదాండీ?" అని అడిగాను.

"స్ప్లింట్ తియ్యకండమ్మా, ఫిజియోథెరపీ మానకండి. లోపలి పని ష్వాన్ కణాలు చూసుకుంటాయి," అన్నారు.

ఆ పేరు అప్పుడే విన్నాను. ఇంటికొచ్చి దొరికిందల్లా చదివాను. మామూలప్పుడు ఈ కణాలు నరప్పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టి, సంకేతం వేగంగా పోయేలా చూస్తాయి. పోగు తెగితే దెబ్బ తగిలిన చోటికి దిగువనున్న భాగం చచ్చిపోతుంది. కప్పల నరాల మీద ఈ సంగతి 1850లో అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అప్పుడు ష్వాన్ కణాలు పాత పని వదిలేసి మరమ్మతుకు దిగుతాయి. పాడైన మైలిన్‌ను తామే మింగుతాయి, మిగతా చెత్త ఎత్తడానికి మ్యాక్రోఫేజ్ కణాలను రప్పిస్తాయి. నరం పెరగడానికి కావలసిన ప్రొటీన్లు వదులుతాయి. తర్వాత బారులు తీరి నిలబడితే, బీరపాదు పందిరి పట్టుకుని పాకినట్టు కొత్త పోగు వాటి వెంట సాగుతుంది. రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంతే! మెదడులో, వెన్నుపాములో మైలిన్ చుట్టేవి వేరే కణాలు, అవి ఇలా దారి వెయ్యవు. అక్కడి దెబ్బలు మానకపోవడానికి అదీ ఒక కారణం. ఇది చదివినప్పుడు నా చేతికి ఎంత అదృష్టం దక్కిందో తెలిసి కళ్లు తడిశాయి.

పైకి మాత్రం నెలల తరబడి ఏమీ కనిపించలేదు. "చెయ్యి ఇలాగే ఉండిపోతుందేమోనే," అని అమ్మ బెంగపడేది. ఫిజియోథెరపిస్టు జబ్బ నుంచి కిందికి వేలితో తడుతూ వచ్చేవారు. ఒకచోట వేళ్లదాకా జివ్వుమనేది. వెళ్లిన కొద్దీ ఆ చోటు మోచేతి వైపు జరుగుతూ వచ్చింది. పోగుల కొసలు అక్కడిదాకా వచ్చాయన్నమాట. అది అమ్మకు చూపించాక ఆవిడ కాస్త కుదుటపడింది.

ముందు మణికట్టు లేచింది, తర్వాత వేళ్లు, అన్నిటికంటే ఆఖర్న బొటనవేలు. దాని వెనక చర్మం ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. బోర్డు మీద రాస్తున్నాను. పెద్ద అక్షరాలు బాగానే వస్తున్నాయి, పీరియడ్ చివరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోతోంది.