విప్పిన కప్పును ఎక్కడ పెట్టాలి?

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి పెరట్లో ఏటా ఆరేడు నెలలపాటు ఒక మారుతి జిప్సీ జీపు పైకప్పు బండి లేకుండా ఉంటుంది. కార్తీక పౌర్ణమి దాటాక వచ్చే మొదటి ఆదివారం దాన్ని విప్పుతాను, మే నెలాఖరులో తిరిగి బిగిస్తాను. అంతకుముందే ఎందుకు విప్పకూడదని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబర్ రెండో వారంలోనే తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినా మాకూ, పొరుగున ఉన్న గజపతి జిల్లాకూ చేసిన నష్టం చూసినవారెవరూ దసరాకు ముందు కప్పు విప్పాలనుకోరు.

నాది జిప్సీ కింగ్. దాని హార్డ్‌టాప్, అంటే గట్టి పైకప్పు, ఫైబర్‌తో, అంటే గాజు నారను రెజిన్ అనే జిగురుతో అతికించి పైన జెల్‌కోట్ అనే నున్నని పొర వేసి చేసినది. దీన్ని విప్పడానికి పెద్ద విద్యేమీ అక్కరలేదు. ముందురోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే, తెల్లవారి అవి మొరాయించకుండా వస్తాయి. మొదటి ఏడాది నేను ఆ ఓపిక లేక పానా మీద బలమంతా పెట్టి ఒక బోల్టు తల విరగ్గొట్టాను, మిగిలిన ముక్కను డ్రిల్లుతో తీయించడానికి ఒక పూట పట్టింది. బోల్టుల కంటే ముందు లోపలి దీపం తీగ ఊడదీయాలి, ఎందుకంటే కప్పు లేచాక గుర్తుకొస్తే అప్పటికే ఆ తీగ తెగి ఉంటుంది. అద్దం చట్రం దగ్గరివి, పక్క అంచులవి, వెనుకవి వేరువేరు పొడవుల బోల్టులు కనుక వాటిని మూడు ఖాళీ ఆవకాయ సీసాల్లో వేసి పైన కాగితం అతికిస్తాను. చివరికి ఎదురెదురు మూలల్లో రెండు బోల్టులు వదులుగా మిగిల్చి, మనుషులు తమ తమ చోట్లలో నిలబడ్డాకే వాటిని తీస్తాను.

ఎత్తడానికి నలుగురు కావాలి, అయిదో మనిషి చేయి వేయకుండా చూస్తూ చెప్పడానికి ఉండాలి. బరువు కంటే ఆకారమే ఇబ్బంది పెడుతుంది. పట్టుకోవడానికి పిడి ఉండదు, గాలి తగిలితే తెరచాపలా లాగుతుంది. అందుకే పొద్దున్నే గాలి లేనప్పుడు ఈ పని పెట్టుకుంటాం. కప్పు అంచు కింది రబ్బరు ఏళ్ల తరబడి అంటుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు, అంచు చిట్లుతుంది. సన్నని నైలాన్ తాడును సందులో దూర్చి ఇద్దరు చెరోవైపు పట్టుకుని రంపంలా లాగితే నెమ్మదిగా వదులుతుంది. కప్పును నిలువుగా జానెడు పైకి లేపాక మనం దాన్ని మోస్తూ వెనక్కి నడవడం కంటే, చదునైన నేల మీద న్యూట్రల్‌లో ఉంచిన బండినే అయిదో మనిషి ముందుకు తోయడం మేలు. మోసేవాళ్ల అడుగులు తడబడవు. ఈ ఉపాయం మా బావ చెప్పినది. "మనం ఎందుకు నడవడం, చక్రాలున్నది దానికి కదా" అన్నాడు.

ఇంతవరకు గంట పని. కష్టమంతా ఆ తరువాత మొదలవుతుంది.

మొదటిసారి దాన్ని పశువుల పాక గోడకు నిలబెట్టి ఆనించాను. చోటు కలిసివచ్చిందని సంతోషించాను కూడా. నాలుగు నెలల తరువాత తీసి చూస్తే, నేలకు ఆనిన మూల దగ్గర జెల్‌కోట్ మీద వెంట్రుకంత గీత కనిపించింది. వేలితో నొక్కితే గీత ఇవతలి వైపు కొద్దిగా కిందికి దిగి, వదిలితే పైకి వచ్చింది. అంటే పగులు పైపొరలో ఆగిపోలేదు, నారదాకా వెళ్ళింది. ఫైబర్ గుణమే అది. బరువు అంచంతా పరచుకుంటే ఎంతైనా ఓర్చుకుంటుంది, ఒకే మూల మీద పడితే చిట్లుతుంది. బండి మీద ఉన్నప్పుడు అంచు పొడవునా ఆనుకుని కూర్చునేదాన్ని నేను ఒంటి మూల మీద నిలబెట్టాను. పైగా వెనుక అద్దం బరువు ఆ వైపే ఉంది. లోపలివైపు నుంచి పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ మ్యాట్ రెండు పొరలు వేసి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి అతికించాం. గట్టిగానే ఉంది, కానీ ఆ మచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇప్పుడు దానికి రెండు గుగ్గిలం దూలాలు ఉన్నాయి. మా వైపు ఆ కర్రకు లోటు లేదు. వాటిని ఇటుకల మీద మోకాలెత్తున పరిచి, పాత తివాచీ ముక్కలు చుట్టి, బండి మీద ఎలా కూర్చుంటుందో అలాగే కప్పును వాటి మీద కూర్చోబెడతాను. మధ్యలో వంగకుండా అంచు కింద అక్కడక్కడ చెక్కలు కూడా పెడతాను. రబ్బరును విడిగా తీసి సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పౌడరు రాసి వదులుగా చుట్టి పెడతాను. కప్పు బరువు కింద నెలల తరబడి నలిగిన రబ్బరు మళ్ళీ ఉబ్బదు, తరువాత వాన నీటిని ఆపదు. మెరుపు కోసం ఇంజిన్ ఆయిల్ పూసేవారిని చూశాను, అలా చేస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. జయపురంలో ఒక మిత్రుడు కప్పును చైన్ కప్పీతో షెడ్డు పైకి వేలాడదీస్తాడు, చోటు ఆదా అవుతుంది. మా షెడ్డు సన్నని యాంగిళ్ల మీద నిలిచిన రేకు కనుక నేను ఆ సాహసం చేయలేదు.

టార్పాలిన్ కప్పితే చాలని చాలామంది అనుకుంటారు. టార్పాలిన్ కింద చెమ్మ బయటికి పోక లోపలి గుడ్డకు బూజు పడుతుంది. పాత దుప్పటి కప్పి, ఎండ తగలని చోట ఉంచడమే మంచిది, ఎండకు జెల్‌కోట్ సుద్దలా పొడి రాలుతుంది. ఈ సంగతి నేను ఇంట్లో అందరికీ చెప్పాను. అయినా ఒక మాఘమాసంలో ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి తీగ మీద ఆరుతూ ఉంది, దూలాలతో సహా కప్పు నడి పెరట్లోకి వచ్చి ఉంది, దాని మీద తెల్లటి పంచె, పంచె నిండా బూడిదగుమ్మడి వడియాలు వరుసలుగా ఉన్నాయి. "ఇంత మిద్దె ఉంచుకుని మంచం మీద ఎండబెట్టడం ఏటిరా?" అని అమ్మ నన్నే అడిగింది. మోయడానికి పక్కింటి కుర్రాళ్లను పిలిచిందట. వడియాల బరువుకు కప్పుకు ఏమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పంచెలోంచి దిగిన ఉప్పునీటి మరకలు పాలిష్ పెట్టినా పూర్తిగా పోలేదు.

ఎలుకల గురించి ఒక్క మాట. అవి దీపం తీగను కొరుకుతాయి, లోపలి గుడ్డ చింపి గూడు కడతాయి. పదిహేను రోజులకొకసారి దుప్పటి ఎత్తి చూడడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు.

తిరిగి బిగించేటప్పుడు బోల్టులన్నీ చేతితో తిరిగినంతవరకే తిప్పి, కప్పు సరిగా కూర్చుందని చూసుకుని, ఆ తరువాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించాలి. వెడల్పు వాషర్ల కింద రబ్బరు వాషర్లు వేయకపోతే రంధ్రం చుట్టూ సాలెగూడులా సన్నని చీలికలు వస్తాయి. ఈ ఏడాది బిగించాక మా ఆవిడను లోపల కూర్చోబెట్టి పైనుంచి గొట్టంతో నీళ్ళు పోశాను. ఎడమవైపు అద్దం చట్రం దగ్గర ఒక్కొక్క చుక్క ఆమె భుజం మీద పడింది. మరింత బిగించబోయాను, చుక్కలు పెరిగాయి. ఆ మూలను అతిగా బిగించడంవల్ల పక్కన రబ్బరు లేచి ఉందని అప్పుడు అర్థమైంది. రెండు బోల్టులు సగం చుట్టు వదులు చేసి మళ్ళీ పోశాను. లోపలి నుంచి ఏమీ వినిపించలేదు. ఇంకాసేపు పోశాక కిటికీ తెరిచి, ఇక టీ పెట్టుకోవచ్చా అని అడిగింది.