1964కి ముందుదా, తర్వాతదా: పాత రైఫిల్ కొన్న నా అనుభవం

డాలస్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నా తుపాకీ కొనాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. రెండేళ్ల కిందట ఆఫీసులో ఒకాయన టెక్సాస్‌లోనే ఉన్న లానో వైపు జింకల వేటకి తీసుకెళ్లి, తన దగ్గరున్న రెండో రైఫిల్ చేతికిచ్చాడు. తెల్లవారుజామున చలిలో, డబ్బాలాంటి గూట్లో నాలుగు గంటలు కూర్చుంటే ఒక్క జింకా రాలేదు గానీ నా చేతిలో ఉన్న దాని మీద మాత్రం మనసు పడింది. వించెస్టర్ కంపెనీ మోడల్ 70, థర్టీ ఆట్ సిక్స్ కాలిబర్ (అంటే తూటా సైజు), నాకంటే వయసులో పెద్దది.

వేట లైసెన్సు, దానికి కావలసిన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు (1971 సెప్టెంబర్ 2న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో తప్పనిసరి) సులువుగానే అయిపోయాయి. తిప్పలన్నీ ధర దగ్గరే.

ఈ మోడల్ 1936లో మొదలైంది. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోడానికి డిజైన్ మార్చేసింది. అంతకుముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పక్కన పొడవాటి ఉక్కు కొక్కెం ఒకటి ఉండేది, తూటా మ్యాగజైన్ (తూటాలు పెట్టే అర) లోంచి పైకి రాగానే దాన్ని పట్టేసుకునేది. అది తీసేశారు. చెక్క మీద చేత్తో చెక్కే గళ్ల డిజైన్‌కి బదులు అచ్చుతో నొక్కడం మొదలుపెట్టారు. జనానికి అది నచ్చలేదు, అందుకే ఇప్పటికీ "ప్రీ సిక్స్టీ ఫోర్" అనే మాట వింటే చాలు ధర పెరుగుతుంది. సీరియల్ నంబర్ 7 లక్షల లోపు ఉంటే పాతది. నాకు మొదట తెలిసింది ఇంతే, ఈ మాత్రం చదువుతోనే గన్ షోకి (తుపాకులమ్మే సంతకి) బయల్దేరాను.

అక్కడ ఒక టేబుల్ మీద అద్దంలా మెరిసిపోతున్నది కనిపించింది. 1,450 డాలర్లు. "మా తాతది, బీరువాలోంచి బయటికి తియ్యలేదు" అన్నాడు అమ్మేవాడు. కార్డు బయటికి తీసే దాకా వచ్చాను, నిజం చెప్తున్నా. నాతో వచ్చిన ఆఫీసాయన భుజం మీద చెయ్యేసి, బ్యారెల్ మీది అక్షరాలు వేలితో తడిమి చూడమన్నాడు. తడిమితే అరిగిన సబ్బు మీది పేరులా ఉన్నాయి, అంచులు లేవు. స్క్రూల చుట్టూ ఉన్న ఇనుము కొంచెం లోపలికి గుంట పడింది. అంటే ఆ మెరుపు అసలుది కాదు, ఎవరో బాగా పాలిష్ పట్టి, తుప్పు పట్టకుండా వేసే నీలిపూత మళ్లీ వేశారు. ఇక బోల్ట్ బయటికి లాగి కిందివైపు చూస్తే, కరెంటు పెన్సిల్‌తో గీకిన నంబర్ ఒకటి, రైఫిల్ మీది నంబర్ ఇంకొకటి. తాత బీరువాలో ఉండగానే బోల్ట్ మారిపోయిందన్నమాట! మొహమాటంగా నవ్వి పక్కకి తప్పుకున్నాం.

మా నాన్న సంతలో ఎద్దుని కొనేటప్పుడు ముందు పళ్లు చూసేవారు, తర్వాత ఒళ్లంతా తడిమి సుడులు వెతికేవారు, అమ్మేవాడు చెప్పే కథ మాత్రం వినేవారు కాదు. నాకది ఇక్కడ గుర్తొచ్చింది, కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత నెల రోజులు ఆన్‌లైన్ వేలంపాటలు చూస్తూ కూర్చున్నా. అడిగే ధరలు చూసి లాభం లేదు, ఎవడైనా ఎంతైనా అడుగుతాడు. అమ్ముడుపోయినవాటి ధరలు విడిగా చూడాలి. ఒకే నంబర్ వరసలో, ఒకే కాలిబర్‌లో, ఒకదానికి అడిగింది 1,800 ఉంటే అలాంటిదే పోయింది 1,150కి. థర్టీ ఆట్ సిక్స్, టూ సెవెంటీ కాలిబర్లు రెండూ ఎక్కువ తయారయ్యాయి కాబట్టి కాస్త అందుబాటులో ఉంటాయి, అరుదైన కాలిబర్లు మనలాంటివాళ్లకి కాదు.

చివరికి లానో దారిలోనే ఒక చిన్న తుపాకుల కొట్టులో దొరికింది. 875 అని చీటీ. నీలిపూత అంచుల్లో చెరిగి వెండిరంగు తేలింది, కానీ అక్షరాలు గోరుకి తగులుతున్నాయి. బోల్ట్ నంబర్ సరిపోయింది. లైటు వేసి బ్యారెల్‌లోకి చూస్తే గాడులు పదునుగానే ఉన్నాయి, తూటా కూర్చునే చోటుకి కాస్త ముందు మాత్రం చిన్న చిన్న నల్ల మచ్చలు. పాత మిలిటరీ తూటాల ప్రైమర్ (తూటాలో మొదట నిప్పు రాజేసే మందు) కాలాక ఉప్పు మిగులుస్తుందట, వెంటనే కడక్కపోతే అది తేమని పీల్చి తుప్పు పట్టిస్తుంది. అసలు లోపం వెనక ఉంది. ఎవరో చెక్క వెనక భాగం కోసేసి ఎర్ర రబ్బరు ప్యాడ్ బిగించారు. అసలు ఉక్కు ప్లేటు లేదు. సేకరించేవాళ్లు దీన్ని చూడగానే మొహం తిప్పేసుకుంటారు.

కొట్టు పెద్దాయన నన్ను కిందికీ పైకీ చూసి, "దీన్ని గోడకి తగిలించుకుంటావా, జింకని కొడతావా?" అని అడిగాడు. భుజానికి ఆనించి చూశాను. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. గన్ షోలో చూసింది చేతులు చాచి పట్టుకోవాల్సి వచ్చింది, ఇది మాత్రం కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయింది. ఎవరో పొట్టివాడు తనకోసం కోయించుకున్నాడు, అతనికి నా దండాలు. మచ్చలు, ప్యాడ్ రెండూ చూపించి 750 అన్నాను, ఆయన 825 అన్నాడు, 800 దగ్గర ఆగాం. గేజ్ పెట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు సరిగ్గా ఉందో లేదో) చూసి ఇవ్వాలన్నది నా షరతు, ఆయన అక్కడే చూసిచ్చాడు.

తుపాకీ కొనేవాళ్లు నింపే ఫారం 4473 నింపాను, గ్రీన్ కార్డు కాబట్టి ఏలియన్ నంబర్ (విదేశీయుల గుర్తింపు నంబర్) కూడా. నేరచరిత్ర తనిఖీలో "డిలే" వచ్చింది. టెన్షన్‌తో మూడు రోజులు నిద్ర పట్టలేదు, తీరా చూస్తే నాలుగో రోజు వచ్చి తీసుకెళ్లమన్నారు.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. ధర రూపాయల్లో చెప్పించుకున్నారు, వెనక కోసిన చోటు దగ్గరగా చూపించమన్నారు, కళ్లజోడు సవరించుకుని, "సుడి ఉన్న ఎద్దుకి అంత పెట్టావేంట్రా" అన్నారు.