బైక్‌కు అదనపు దీపాలు: రెండోసారి చేసిన వైరింగ్

బెంగళూరు మారతహళ్ళి నుంచి హిందూపురంలోని మా ఇంటికి నెలకొకసారి మోటార్‌సైకిల్‌పై వెళ్ళి వస్తుంటాను. చలికాలంలో తెల్లవారుజామున బయలుదేరితే దేవనహళ్ళి దాటాక చిక్కబళ్ళాపురం వరకు పొగమంచు తరచుగా రోడ్డును కమ్మేస్తుంది. అందుకని రెండు ఎల్‌ఈడీ ఫాగ్ దీపాలు, ఫోను కోసం ఒక యూఎస్‌బీ చార్జరు పెట్టించుకున్నాను. దుకాణంలో ముప్పావు గంటలో పని ముగించారు. దీపాలు వెలిగాయి, చార్జరు పనిచేసింది, డబ్బిచ్చి వచ్చేశాను. తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

సంక్రాంతికి బస్సులో ఊరికి వెళ్ళి పన్నెండు రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పాతబడిందనుకుని చార్జింగ్ పెట్టించి ఊరుకున్నాను. ఆ తర్వాతి నెలలో, చిక్కబళ్ళాపురం ఇంకా కొంత దూరం ఉందనగా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే ఫాగ్ దీపాలతో పాటు హెడ్‌లైటు కూడా ఆరిపోయింది. లారీలు తిరిగే హైవేపై చీకట్లో బండిని పక్కకు తీయడానికి పట్టిన ఆ కొద్ది క్షణాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఫోను వెలుగులో వెతికితే, హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర సన్నని తీగ ఒకటి ఫ్రేముకు రాసుకుని, పైపొర కరిగి, రాగి బయటపడి కనిపించింది. ఆ తీగను విడదీసి టేపు చుట్టి, కాలిపోయిన ఫ్యూజు స్థానంలో కవరు కింద ఉండే అదనపు ఫ్యూజు పెట్టి ఎలాగో ఇల్లు చేరాను.

బెంగళూరుకు తిరిగి వచ్చాక సీటు, ట్యాంకు విప్పి చూస్తే అంతా అర్థమైంది. ఫాగ్ దీపాలకు కరెంటును హెడ్‌లైటు తీగను గీరి, దానికి మరో తీగ మెలిపెట్టి, టేపు చుట్టి తీసుకున్నారు. నా బండి హెడ్‌లైటు 55 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద సుమారు 4.6 ఆంపియర్లు. రెండు ఫాగ్ దీపాలు కలిపి 40 వాట్లు, అంటే మరో 3.3. హెడ్‌లైటు కోసమే అమర్చిన తీగ, స్విచ్చు మొత్తం దాదాపు 8 ఆంపియర్లు మోస్తున్నాయన్నమాట. ఆ దారిలో ఉన్న 15 ఆంపియర్ల ఫ్యూజు అంత కరెంటుకు కాలదు. పైగా రెండింటికీ అదే ఫ్యూజు కావడం వల్ల, అదనపు తీగలో వచ్చిన లోపం అసలు దీపాన్ని కూడా ఆర్పేసింది. చార్జరు సంగతి మరీ అన్యాయం: ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారు.

మా కింది వాటాలో ఉండే పెద్దాయన గుంతకల్లు రైల్వేలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఆ తీగను చేత్తో పట్టుకుని, "నాయనా, ఫ్యూజు పెట్టేది దీపం కోసం కాదు, తీగ కోసం" అన్నారు. అప్పటిదాకా నేను సరిగ్గా దానికి తలకిందులుగా అనుకుంటున్నాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉండే ముక్కకు ఏ రక్షణా ఉండదు కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని, తీగ తట్టుకోగలిగిన దానికంటే ఫ్యూజు అంకె ఎప్పుడూ తక్కువగానే ఉండాలని ఆయన వివరించారు.

రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చులు), ఫ్యూజు హోల్డర్లు జేసీ రోడ్డులో, కరెంటు కొలిచే మల్టీమీటరు, వేడికి ముడుచుకునే గొట్టాలు, తీగ చివర లోహపు తొడుగును నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్ ఎస్పీ రోడ్డులో ఒక శనివారం కొన్నాను. పనికి రెండు ఆదివారాలు పట్టింది. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. పాజిటివ్ ముందు విప్పితే, పానా పొరపాటున ఫ్రేముకు తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ చివరన బిగించాలి.

బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరం కూడా లేకుండా 10 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజు పెట్టి, అక్కడి నుంచి రెండు శాఖలు తీశాను: దీపాలకు 5, చార్జరుకు 3 ఆంపియర్ల ఫ్యూజులు. బ్యాటరీ నుంచి వచ్చే తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది, దీపాలకు వెళ్ళేది 1 చదరపు మిల్లీమీటరుది. రెండు శాఖలకూ చెరొక రిలే. రిలేపై ఉండే అంకెలు మొదట్లో భయపెట్టాయి గానీ విషయం సులువే. 30కి బ్యాటరీ నుంచి వచ్చే తీగ, 87కి దీపానికి వెళ్ళే తీగ, 85, 86 మధ్య రిలేను పనిచేయించే తీగచుట్ట, అంటే కాయిల్. నా రిలే కాయిల్ నిరోధం మల్టీమీటరులో 88 ఓములు చూపింది, అంటే అది తీసుకునేది 0.14 ఆంపియరు మాత్రమే. హ్యాండిల్‌పై చిన్న స్విచ్చు మోయవలసింది అంతే. అసలు భారమంతా సీటు కింద రిలే మోస్తుంది. కాయిల్‌కు కరెంటును, నా బండిలో తాళం తిప్పగానే వెలిగే వెనుక దీపం కనెక్టరు దగ్గర, మధ్యలో ఇమిడే మూడు దారుల కనెక్టరు పెట్టి తీసుకున్నాను. కంపెనీ తీగ ఒక్కటి కూడా కోయలేదు. దీపాల నెగటివ్ కూడా రంగు వేసిన ఫ్రేముకు కాకుండా నేరుగా బ్యాటరీకే తెచ్చాను.

అతుకులను టంకంతో వేద్దామనుకుంటే పెద్దాయన వద్దన్నారు. టంకం పీల్చుకున్న చోట తీగ పుల్లలా గట్టిపడి, ఇంజను అదురుకు సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుందట. క్రింప్ చేసి, గొట్టం వేసి వేడిచేశాను. మొదటి మూడు క్రింపులను ఆయన లాగితే ఊడివచ్చాయి, మళ్ళీ చేశాను.

బ్యాటరీ ఎందుకు పడుకుందో కూడా తేలింది. తీసేసిన చార్జరును నేరుగా బ్యాటరీకి కలిపి కొలిస్తే, ఫోను లేకపోయినా దాని చిన్న బల్బు, లోపలి సర్క్యూట్ కలిసి 20 మిల్లీఆంపియర్లు తాగుతున్నాయి. రోజుకు 0.48 చొప్పున పన్నెండు రోజులకు 5.76 ఆంపియర్-గంటలు, నా బ్యాటరీ మొత్తం 8. ఇప్పుడు తాళంచెవి తీసేస్తే రిలే విడిపోతుంది, చార్జరు తాగేది సున్నా. ఇంజను నడుస్తుండగా దీపాలన్నీ వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంది కాబట్టి చార్జింగ్‌కు లోటు లేదని నిమ్మళించాను.

రెండో ఆదివారం సాయంత్రం పని పూర్తయిందని పెద్దాయనను పిలిచాను. దీపాలు వేసి చూపించబోతే ఆయన వాటి వైపు చూడనే లేదు. హ్యాండిల్‌ను కుడికి చివరిదాకా, ఎడమకు చివరిదాకా మెల్లగా తిప్పి, మెడ దగ్గర వేలు పెట్టి, ఎడమకు తిప్పినప్పుడు ఒకచోట తీగ బిగుసుకుంటోందని చూపించారు. అక్కడి ప్లాస్టిక్ ట్యాగును కోసేసి, రెండు వేళ్ళ వదులు ఇచ్చి మళ్ళీ కట్టాను.