జీబీఎస్ వచ్చాక అలవాటైన పని

"నీకింకా నయం, వెంటిలేటర్ దాకా పోలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకో." నేను ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ఈ మాటే అన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ పక్క మంచం మీద ఎవరో నాకంటే ఘోరంగా ఉన్నారని నేను సంతోషపడటం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాదు.

జీబీఎస్ అంటే గులియన్ బారే సిండ్రోమ్. 2025 జనవరిలో పూణేలో వరసగా కేసులు వచ్చినప్పుడు ఈ పేరు చాలామంది పేపర్లో చూసే ఉంటారు. ఏదో ఇన్ఫెక్షన్‌ని తరమడానికి తయారైన మన రోగనిరోధక శక్తే తిరగబడి నరాల మీద పడుతుంది. నాకు ముందు విరేచనాలయ్యాయి, తగ్గాయి. వారం పది రోజులకి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఇంకో రెండు రోజులకి కింద కూర్చుంటే లేవలేకపోయాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు, నరాల పరీక్ష చేశారు, ఐదు రోజులు ఐవీఐజీ ఎక్కించారు, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు. దానికి ఎంతయిందో మా ఆయన ఇప్పటికీ పూర్తి లెక్క చెప్పలేదు. ముఖం కూడా చచ్చుబడటంతో కళ్లు మూతపడేవి కావు. రాత్రిపూట ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు దించి, టేపు అంటించేవారు.

ఐవీఐజీ అయిపోగానే లేచి తిరుగుతాననుకున్నాను. అది జబ్బు ముదరకుండా చూస్తుందంతే, నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరుగారు చెప్పారు. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి మా అమ్మాయికి ఒక నోట్‌బుక్ పెట్టమన్నాడు, రోజూ ఏ కదలిక వచ్చిందో రాయడానికి. కొన్నాళ్లు ఏ కదలికా లేదు. ఖాళీ పేజీ చూసి దానికి విసుగొచ్చి, "పోనీ ఇవాళ ఎవరు ఏం చేశారో చెప్పమ్మా, అదైనా రాస్తాను" అంది.

మొదట చెప్పింది ఆయమ్మ సంగతి. పుండ్లు పడకుండా నన్ను రెండు గంటలకోసారి పక్కకి తిప్పేది. తిప్పేముందు నాకు గుచ్చుకోకుండా తన గాజులు మోచేతి దాకా నెట్టుకునేది. ప్రతిసారీ. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు.

అమ్మాయి ఒక షరతు పెట్టింది. "అంతా దేవుడి దయ" లాంటివి రాయదట. మనిషెవరో, చేసిన పనేమిటో చెప్పాలి. కోపంగా ఉంటే కోపంగా ఉందనే రాసేది. అలాంటి పేజీలూ బోలెడున్నాయి. పాదాల్లో మంటకి నిద్ర పట్టని రాత్రి కృతజ్ఞత గురించి మాట్లాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది మరి.

తర్వాత తెలిసింది, ఇలా కృతజ్ఞతలు రాసుకోవడం మీద పరిశోధన కూడా జరిగిందని. అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు సైకాలజిస్టులు 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి నరాలు, కండరాల జబ్బులున్నవాళ్లతోనే చేశారు. మూడు వారాలు రోజూ ఇలా రాసుకున్నవాళ్లు కాస్త బాగా నిద్రపోయామని, మనసు తేలికగా ఉందని చెప్పారు. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. నా కాళ్లు మాత్రం మందు వల్ల, ఫిజియోథెరపీ వల్ల వచ్చాయి. నోట్‌బుక్ రాస్తే నరాలు అతుక్కుంటాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంటికొచ్చాక చేతులు ముందు కోలుకున్నాయి. ఒకరోజు స్పూన్ వద్దని పప్పన్నం నేనే కలుపుకున్నాను. ముద్ద కడుతున్నాననుకుంటాను, బొటనవేలు నెట్టే వేళకి అది విడిపోతుంది. సగం కంచంలో, సగం ఒళ్లో. అన్నాళ్లూ తినిపించిన అత్తయ్య ఎదురుగానే కూర్చుంది. చెయ్యి చాచలేదు. నెయ్యి తెస్తానని వంటింట్లోకి వెళ్లి, నేను తినడం అయ్యేదాకా రాలేదు. ఆ రాత్రి పెన్ను పట్టుకుని వంకర అక్షరాలతో నేనే రాసుకున్నాను: అత్తయ్య తొందరపెట్టలేదు.

మన ఇళ్లలో అత్తగారికి థాంక్స్ చెబితే జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకు చూస్తారు. అందుకని ఆ పేజీ చదివి వినిపించాను. "ఇవి కూడా రాస్తారా?" అని కొట్టిపారేసింది. మర్నాడు రాత్రి అన్నాల దగ్గర, "ఇవాళ నా గురించేం రాస్తావే?" అంది.

ఇప్పుడు నడుస్తున్నాను. బస్సు మెట్లెక్కడానికి ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి, పాదాల్లో తిమ్మిరి పూర్తిగా పోలేదు. పడుకునే ముందు రెండు మూడు వాక్యాలు రాస్తాను. చుట్టాలొస్తే మానేస్తాను.

ఈ మధ్య చెకప్‌కి వెళ్లినప్పుడు వార్డుకి వెళ్లి ఆయమ్మని పట్టుకుని గాజుల సంగతి చెప్పాను. ఆమెకి అది గుర్తే లేదు. నన్ను పైనుంచి కిందకి చూసి, "నువ్వా అమ్మా! నిన్ను తిప్పాలంటే నా నడుం విరిగిపోయేది" అంది.