ఎస్‌బీ 9: అరవై అడుగుల లాట్‌లో గీత ఎక్కడ పడుతుంది?

కాలిఫోర్నియాలో ఒక్క ఇల్లే ఉండాల్సిన స్థలాన్ని రెండుగా విడగొట్టి, ఒక్కోదాంట్లో రెండేసి ఇళ్లు కట్టుకోనిచ్చే ఎస్‌బీ 9 (సెనేట్ బిల్ 9) చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నిబంధనలకు సరిపోతే చాలు, బహిరంగ విచారణ లేకుండానే సిటీ అనుమతి ఇవ్వాలి. పక్కింటివాళ్ల గొడవంతా పార్కింగ్ గురించి, పెరట్లో పడే నీడ గురించి. ఉడ్‌సైడ్ పట్టణమైతే ఊరు ఊరంతా కొండ సింహాల ఆవాసమని ప్రకటించి తప్పించుకోబోయింది. రాష్ట్ర అటార్నీ జనరల్ గట్టిగా హెచ్చరించాక దిగొచ్చింది. నన్నడిగితే, చాలాచోట్ల పని ఆగేది పక్కింటివాళ్ల వల్ల కాదు, టేపు పట్టి కొలిచినప్పుడు.

60 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉన్న లాట్ తీసుకోండి. చిన్న ముక్క మొత్తంలో 40 శాతానికి తగ్గకూడదు, అంటే 2,400 చదరపు అడుగులు. అడ్డంగా కోస్తే వెనక 40 అడుగుల లోతు కావాలి. పాత ఇల్లు వీధి నుంచి 20 అడుగులు వదిలి, అక్కణ్నుంచి 45 అడుగుల లోతు ఉందనుకుంటే వెనక మిగిలేది 35 అడుగులే. గీత వెళ్లి సరిగ్గా వంటగది మధ్యలో పడుతుంది! పక్కన 10 అడుగుల సందు ఉంటే దాన్ని వెనక లాట్‌లో కలిపేసి లెక్క సరిచేయొచ్చు, దారీ దొరుకుతుంది. కానీ గ్యారేజ్ ముందుకున్న ఇళ్లకు పక్కన ఐదారడుగులకు మించి ఉండదు.

కొలత కుదిరినా బ్యాంకు ఉంది. అప్పు మొత్తం స్థలం మీద ఉంటుంది కాబట్టి, వెనక ముక్కను తాకట్టు నుంచి విడిపించడానికి వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రీఫైనాన్సే, అంటే ఇప్పటి వడ్డీకి కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చడమే గతి; 2021లో 3 శాతానికి తీసుకున్న లోన్‌ను ఎవరు వదులుకుంటారు? పైగా విడగొట్టే యజమాని అందులో ఒక ఇంట్లో మూడేళ్లు ఉంటానని ప్రమాణపత్రం ఇవ్వాలి. దాంతో బిల్డర్లు దూరం. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పత్రాల్లో ఒక్క ఇల్లే అని రాసుంటే ఈ చట్టం దాన్ని కొట్టేయదు, కాబట్టి సర్వేయర్‌కు డబ్బు కట్టకముందే ఆ పత్రాలు తీసి చదవండి. గత మూడేళ్లలో అద్దెకున్నవాళ్లుంటే ఆ ఇంటిని ఈ చట్టం కింద కూలగొట్టనివ్వరు.

విడిగా అమ్ముకునే ఉద్దేశం లేకపోతే లాట్ జోలికి పోకుండా పెరట్లో ఏడీయూ (అదనపు చిన్న ఇల్లు) కట్టుకోవడమే సులువు. 750 చదరపు అడుగుల లోపైతే ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడాలపై వసూలు చేసే రుసుము) కూడా ఉండదు.